బిన్నా కాదు, భిన్నం

నాకు కోపం ఎక్కువ. మా ఇంట్లోవాళ్ళు అనే మాట ఇది, మా ప్రెస్సు యజమాని అనే మాట కూడా ఇదే. నేనూ కాదనను. నంద్యాలలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ముప్పై ఏళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు, ఏవైనా సరే నా చేతి మీదుగా పోవాల్సిందే. పెళ్ళికొడుకు పేరులో దీర్ఘం ఎగిరిపోతే పట్టుకునేది నేనే. తప్పు కనబడితే ఊరుకోలేను. బస్సులో కూర్చుంటే దారి పొడుగునా బోర్డులు దిద్దుకుంటూ పోతాను. ఒక హోటలు గోడ మీద ‘బోజనము తయ్యారు’ అని చూసి, బస్సు అక్కడ ఆగిందే చాలని దిగి, లోపలికి పోయి చెప్పి వచ్చాను. హోటలాయన నన్ను ఎగాదిగా చూసి, ఎన్ని ప్లేట్లు కావాలని అడిగాడు.

ఆదివారం ప్రెస్సుకు సెలవు. ఆ రోజు నేనూ, మా పెద్దన్న భార్య అయిన మా వదినా ఎక్కడికో ఒకచోటికి పోయి సాయంత్రానికి ఇల్లు చేరతాం. పాత గుడి ఉన్న ఊరో, కోట గోడ మిగిలిన ఊరో, నల్లమల అంచున ఏదైనా వాగో. మొక్కులూ ముడుపులూ ఏమీ ఉండవు. ఊరికే చూడడానికే పోతాం. ఇది ఎవరికీ అర్థం కాదు. చూసొద్దామని పోయాం అంటే ఏదో దాస్తున్నామనుకుంటారు. వదిన పొద్దున్నే లేచి బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి డబ్బాకెత్తుతుంది. మిరపకాయ బజ్జీలు బస్టాండులో కట్టించుకుంటాం. యాగంటికైతే నాలుగుసార్లు పోయాం. అక్కడి బసవన్న ఏడాదికేడాది పెరుగుతాడని పేరు కదా, వదిన ప్రతిసారీ ఆయన చుట్టూ తిరిగి, "పోయినతూరి కంటే పెరిగినాడు సూడు" అంటుంది. "ఆయన పెరగలేదు వదినా, నువ్వు వంగిపోయినావు" అంటే, ఉగ్గాని డబ్బా ఒళ్ళో పెట్టుకుని మధ్యాహ్నం దాకా నాకివ్వదు.

ఈ తిరుగుళ్ళలో నా కోపానికి మేత బాగా దొరుకుతుంది. వందల ఏళ్ళ నాటి రాతి స్తంభానికి పచ్చ ఎనామిల్ పెయింటు కొట్టి, పువ్వుకు గులాబీ రంగు వేసి, చిలకకు ముక్కు ఎర్రగా దిద్ది ఉంటుంది. వాగు ఒడ్డున విస్తరాకులు, ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని సౌండు బాక్సు మోగించే మనుషులు. గుహ గోడ మీద బాణం గుచ్చుకున్న గుండె బొమ్మ, దాని పక్కన రెండు పేర్లు, ఆ రెండింటిలోనూ తప్పులు. ఇట్లాంటివి చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. నేను అరుస్తాను. వదిన నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగుతుంది. "చూసేదానికి వచ్చినామా, కొట్లాడేదానికి వచ్చినామా?" అని అడుగుతుంది. పాతవాటిని ఈ జనం నుంచి కాపాడేది నేనొక్కదాన్నే అని మనసులో గట్టిగా అనుకునేదాన్ని. ఎవరూ అడక్కుండానే ఆ ఉద్యోగంలో చేరిపోయాను.

రెండేళ్ళ కిందట చలికాలంలో ఒక ఆదివారం ఆళ్లగడ్డలో దిగి, రుద్రవరం అవతల ఒక వాగుంది, నీళ్ళు బాగున్నాయంటే ఆటో మాట్లాడుకున్నాం. ఒక ఊరి మొదట్లో ఆటో అతను ఉన్నట్టుండి బండి ఆపి, చెప్పులు విడిచి, చింతచెట్టు కింద ఉన్న రాయి పాదాలకు దండం పెట్టుకుని వచ్చాడు. ఏమిటని మేమూ దిగాం. ఛాతీ ఎత్తు బండ అది. మీదకు దూకుతున్న పులి, కత్తి ఎత్తిన మనిషి, ఆయన కాళ్ళ దగ్గర ఒక ఆవూ దూడా. పులి పంజా గోళ్ళు కూడా స్పష్టంగా ఉన్నాయి. మనిషి ముఖం మాత్రం లేదు. నుదుటి నుంచి గడ్డం దాకా నున్నగా, నల్లగా, ఆముదంతో నిగనిగలాడుతూ ఉంది. ముక్కు ఉండాల్సిన చోట చదునుగా ఉంది.

పక్కింట్లోంచి ఒక అవ్వ వచ్చింది. చింతచెట్టు వెనకున్న చేలన్నీ వాళ్ళవేనట. తలలో ఒక్క నల్ల వెంట్రుక లేదు, నడక మాత్రం నాకంటే చురుకు.

"మా ఇంటి పెద్దాయనమ్మా. ఆవుల కోసరమని పులి మీద పడినాడు. పులీ సచ్చె, ఆయప్పా సచ్చె" అని నిన్న జరిగినట్టు చెప్పింది. ఆ ఇంట్లో కొత్త ఎద్దును కొంటే ముందు ఈ రాయి చుట్టూ తిప్పి తర్వాతే కొట్టంలో కట్టేస్తారు. ప్రతి అమావాస్యకూ ఇంటి పెద్దకోడలు ఆయన ముఖానికి ఆముదం రుద్ది దీపం పెడుతుంది. అవ్వ ఆ ఇంటికి కోడలై వచ్చిన ఏడు వాళ్ళత్త చూపించింది, వాళ్ళత్తకు ఆమె అత్త చూపించింది.

నేను ఫొటోలు తీసి, పుస్తకం తెరిచి రాసుకున్నాను. రాసుకుంటూ వదినతో, "అయ్యో, ముఖమంతా భిన్నమైపోయిందే" అన్నాను.

"ఏందీ? బిన్నానా? యాడికమ్మా అంత బిన్నా పోయేది? కూసోండి, మజ్జిగ తాగి పోదురు" అంది అవ్వ.

మా వైపు బిన్నా అంటే తొందరగా అని. వదిన పకపకా నవ్వింది. ఆటో అతనూ నవ్వాడు. అక్కడితో అయిపోవాల్సిన మాట అది. కానీ తప్పు విన్న చెవి నాది, దిద్దకుండా ఎట్లా ఊరుకుంటాను?

"బిన్నా కాదవ్వా, భిన్నం. బకు ఒత్తు ఉంది. ముక్కు విరిగిపోయింది కదా. అట్లా విరిగిన విగ్రహాన్ని భిన్నమైందంటారు" అని, చేతిలో ఉన్న పెన్నుతో రాతి ముఖం వైపు చూపించాను, ప్రూఫులో తప్పు చూపించినట్టే.

రోడ్డు పక్కన ట్రాక్టరు దగ్గర ఇద్దరు మగవాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒకాయన దగ్గరికొచ్చి, "మేడం, భిన్నమైనదానికి పూజ చేయగూడదంటారు గదా?" అని అడిగాడు.

"శాస్త్రంలో అట్లనే ఉంది" అన్నాను, ఫోనులో ఫొటో ఎట్లా వచ్చిందో చూసుకుంటూ.

అవ్వ ఇచ్చిన మజ్జిగ చల్లగా, అల్లం వేసి, చాలా బాగుంది. రెండు గ్లాసులు తాగాను. ఆటోలో వదిన, "నాకు గూడా తెలీదు ఆ మాట" అంటే, లోపల లోపల సంతోషపడ్డాను. ఆ తర్వాత వాగూ చూశాం, నీళ్ళు బాగానే ఉన్నాయి.

ఏడాది తిరిగాక ఆ అవ్వను చూద్దామనిపించింది. తీసిన ఫొటో పెద్దదిగా వేయించి, అట్ట కట్టించి, ఆమెకిద్దామని సంచిలో పెట్టుకున్నాను. వదిన ఆమె కోసం నువ్వుల ఉండలు చేసింది. చింతచెట్టు దగ్గర ఆటో దిగితే రాయి లేదు.

రాయి ఉన్న చోట తెల్ల టైల్సు పరిచిన అరుగు ఉంది, మన స్నానాలగదుల్లో వేసే టైల్సు. దాని మీద నున్నటి నల్లరాయి విగ్రహం. మీసం తిరిగిన మొహం, పదునైన ముక్కు, పెద్ద కళ్ళు. చుట్టూ ఇనుప గ్రిల్లు, గ్రిల్లుకు తాళం. పులి మాత్రం పిల్లిపిల్లంత ఉంది. ఆవూ దూడా లేనే లేవు. పక్కన ఒక పలక మీద పెద్దల పేర్లు చెక్కించి, పైన ‘విగ్రహ ప్రతిష్ట’ అని రాయించారు.

అరికాలి మంట నెత్తికెక్కింది. అరుగు పక్కన కూర్చుని ఫోను చూసుకుంటున్న ఒకాయనను పట్టుకుని ఏకిపారేశాను. వందల ఏళ్ళ రాయి అది, మీ తాతలు ముట్టుకున్న రాయి, దాన్ని పీకి ఈ బొమ్మను పెట్టడానికి మీకు చేతులెట్లా వచ్చాయి, అన్నాను. ప్రతిష్ఠలో టకు ఒత్తుండాలని తెలియనివాళ్ళు ప్రతిష్ఠ చేస్తారా, అని కూడా అన్నాను. ఆయన పాపం లేచి నిలబడ్డాడు.

"ఏం చేస్తాం మేడం. ఒకే నెలలో మూడు ఎద్దులు సచ్చిపోయె. మొన్నటిదాంక బాగున్న ఊరికి ఏమొచ్చెనబ్బా అని అందరం కూసోని మాట్లాడుకుంటిమి. పాతాయప్ప భిన్నమైనాడంట, భిన్నమైనదానికి దీపం పెడతాంటే మంచిది గాదంట. ఆళ్లగడ్డలో కొత్తది చెక్కిపిచ్చి పెట్టినాం."

"ఎవరు చెప్పినారు మీకు? ఏ తలకుమాసినోడు చెప్పినాడు?"

"నేను ఆ పొద్దు ఊర్లో లేను మేడం. బాగా సదువుకున్నోళ్ళే చెప్పినారంట."

"పాత రాయి యాడుంది?"

"కొత్తది చెక్కినాయన బండిలోనే తీసుకపోయినాడు. నీళ్ళల్లో కలిపేయమని చెప్పినాం. కలిపినాడో, ఇంకా పెట్టుకున్యాడో తెలీదు."

నేను అవ్వ ఇంటికి పరుగెత్తాను. ఆమె వసారాలో కూర్చుని కందులు చెరుగుతోంది. నన్ను చూసింది. చేటను పక్కన పెట్టి లేచి, లోపలికి పోయి తలుపు వేసుకుంది. దుఃఖంలో ఉంది పాపం, అనుకున్నాను. ఆ కొత్తదానికి అవ్వ ఒక్కసారి కూడా దండం పెట్టలేదట, అమావాస్యకు దీపం వెలిగించి చింతచెట్టు మొదట్లో ఖాళీ నేల మీద పెట్టి వస్తుందట. పక్కింటామె చెప్పింది ఇది. మూసిన తలుపు ముందు నిలబడి, "అవ్వా, నీ రాయిని నేను తెచ్చి నిలబెడతాను చూడు" అని గట్టిగా చెప్పాను. ఫొటోనూ నువ్వుల ఉండలనూ గడప దగ్గర పెట్టి, అదే ఆటోలో ఆళ్లగడ్డకు తిప్పమన్నాను.

దారంతా తిడుతూనే ఉన్నాను. ఊరి పెద్దల్ని, టైల్సు కంపెనీల్ని, చదువుకున్నోళ్ళనిపించుకుని అడ్డమైన మాటలు చెప్పేవాళ్ళని. రాయి కాలువలో పడకముందే చేరాలని ఆటో అతన్ని తొందరపెట్టాను. వదిన మామూలుగా అయితే నా చెయ్యి గిల్లేది. ఆ రోజు బయటికి చూస్తూ కూర్చుంది. ఆమెకు అప్పటికే అర్థమైందని నాకు తర్వాత తెలిసింది.

ఆళ్లగడ్డలో ఉలుల చప్పుడు వినిపించే వీధి ఎవరినడిగినా చెబుతారు. రేకుల పందిరి కింద ఆంజనేయులూ వినాయకులూ సగం సగం లేచి నిలబడి ఉన్నారు. నేల నిండా రాతిపొడి. మాకు కావలసిన శిల్పి అరవై దాటిన మనిషి, కనుబొమల దాకా తెల్లగా పొడి పట్టి, పనిలో ఉన్నాడు. ముందూ వెనకా చూసుకోకుండా మొదలుపెట్టాను. రాతిపని చేసి బతికే మనిషివి, పాత రాయి విలువ నీకు తెలియదా, నీళ్ళలో వేయమంటే వేసేస్తావా, అన్నాను. ఆయన ఉలి కింద పెట్టి, మొత్తం విని, చేతులు తుడుచుకుని, "రామ్మా" అని వెనక్కి తీసుకుపోయాడు.

అక్కడ ఇసుక పోసి, గోనెపట్టాలు పరిచి, రాయిని వెల్లకిలా పడుకోబెట్టి ఉంది. శుభ్రంగా కడిగారు. పులీ, ఆవూ, దూడా, ముఖం లేని ఆ మనిషీ. నేను ఏడ్చాను, చెప్పడానికేం.

"నీళ్ళల్లో వేయలేదమ్మా. చెయ్యి రాలే. చెయ్యి పెట్టి చూడు" అన్నాడు శిల్పి. నా చెయ్యి తీసుకుపోయి ముక్కు ఉండాల్సిన చోట పెట్టించాడు. "దెబ్బ తగిలి విరిగిన రాయికి అంచు ఉంటాది. గరగరమంటాది. దీనికి యాడుంది అంచు? ఇది విరగల్యా, అరిగింది. ఆముదం రుద్దీ రుద్దీ ఆడోళ్ళ వేళ్ళకు అరిగింది. అరిగినదాన్ని భిన్నమనరమ్మా. ఎంత పూజ జరిగితే అంత అరుగుతాది. వాళ్ళకు ఇదే చెప్తి. ఇనల్యా."

"ఎందుకు వినలేదు?"

"ఎవరో నంద్యాల మేడమంట. పెన్ను పెట్టి చూపిచ్చిందంట, బుక్కులో రాసుకున్యాదంట, ఫొటోలు తీసుకపోయిందంట. గవర్మెంటు మేడమని వాళ్ళ నమ్మకం. ముసలామె ఏదో తప్పు ఇనుకుంటే గూడా, కాదు ఇది భిన్నమే అని గట్టిగా ఒత్తి చెప్పిందంట. రాతిపనోని మాట యాడ ఇంటారు ఆ మాట ముందర?"

ఉలుల చప్పుడు ఒకటే వినిపిస్తోంది. వదిన తల వంచుకుని కొంగు అంచును వేలికి చుట్టుకుంటోంది. నా చెయ్యి ఇంకా ఆ ముఖం మీదనే ఉంది. చెప్పుతో కొట్టినట్టయింది అంటారు కదా, అంతకంటే వేరే మాట నాకు తోచలేదు.

"ఆ మేడం నేనే" అన్నాను.

ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నీళ్ళు తెప్పించి ఇచ్చాడు. రాయిని నాతో పంపమని అడిగితే మాత్రం కుదరదన్నాడు. "ఊరోళ్ళు ఇచ్చినారు, ఊరోళ్ళొచ్చి అడిగితే ఇస్తా. నీకెట్ల ఇస్తానమ్మా?"

ముప్పై ఏళ్ళు ప్రూఫులు చూసినదాన్ని. అరగడం వేరు, విరగడం వేరు. ఆ తేడా చిన్నపిల్లలకు కూడా తెలుసు. నేను పెద్దమాట వాడాలని చూశాను. తప్పు మాట వాడి, అవ్వ పుణ్యాన అది ఎవరికీ ఎక్కకుండా పోతుంటే, ఒత్తు పెట్టి మరీ ఎక్కించాను. చెడిపోయింది ఒక మాటే కదా అని సరిపెట్టుకోలేను. దీపం పెట్టుకుంటున్న ఒక మనిషి ముందర నుంచి దేవుణ్ణి తీసేశాను. ఇన్నాళ్ళూ ఎనామిల్ పెయింటు కొట్టినవాళ్ళ మీద అరిచాను కానీ, వాళ్ళు రంగు వేశారు, అంతే. రాయి అక్కడే ఉంది. నా అంత పని వాళ్ళెవరూ చేయలేదు. ఆ రాత్రి నా మీద నాకు పుట్టిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

మరుసటి ఆదివారం ఆ ఊరికి పోయి, అరుగు ముందు పదిమందిని పిలిపించి, నేను చెప్పింది తప్పు అని చెప్పాను. విరగలేదు, అరిగింది, నేను గవర్మెంటు మనిషిని కాదు, శుభలేఖల్లో తప్పులు దిద్దేదాన్ని, అన్నాను. వాళ్ళు మర్యాదగానే విన్నారు. మొదటిసారి వచ్చినప్పుడు ట్రాక్టరు దగ్గర ఉన్నాయనే మాట్లాడాడు.

"ఆ పొద్దు నువ్వే చెప్తివి, ఈ పొద్దు నువ్వే కాదంటావు. ఏది నమ్మల్ల మేడం? ఒకసారి భిన్నమనే మాట పడినాక ఎవురికైనా బయమే. రేపు ఎద్దుకేమన్నా అయితే నువ్వొస్తావా నంద్యాల నుంచి?"

ప్రెస్సులోనైతే తప్పు పడిన కాగితాలు చించేసి మళ్ళీ వేస్తాం. ఆ ఊళ్ళో ఒక్కొక్కరి మనసులో పడిన నా మాటను నేనెక్కడ చించను? రాయి తిరిగి రాదని ఆ రోజే తేలిపోయింది.

అప్పుడే అవ్వ తలుపు తీసుకుని బయటికి వచ్చింది. నా దగ్గరికి వచ్చి, ముఖంలోకి సూటిగా చూసి, "యాడుండాడు?" అని మాత్రం అడిగింది. చెప్పాను. నీళ్ళలో వేయలేదనీ, గోనెపట్టా మీద పడుకోబెట్టాడనీ, కడిగాడనీ చెప్పాను. అవ్వ లోపలికి పోయి చీర మార్చుకుని, చిన్న సీసాతో వచ్చింది. "పా, పోదాం" అంది.

ఇప్పుడు ప్రతి అమావాస్యకూ నేను ప్రెస్సుకు సెలవు పెడతాను. వదినతో కలిసి నంద్యాలలో బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగి, ఆటోలో ఆ ఊరికి పోయి, అవ్వను ఎక్కించుకుని మళ్ళీ ఆళ్లగడ్డకు వస్తాను. ఇంటి గడప దాటి పది అడుగులేస్తే చేరే చోటికి అవ్వ ఆటోలో గుంతల దారి పట్టి రావాలి. మేం సరదాకు చేసే ప్రయాణాన్ని ఆమెకు శిక్ష చేసి పెట్టాను. నన్ను ఆమె క్షమించిందా అంటే, లేదు. దారిలో వదినతో మాట్లాడుతుంది, నాతో మాట్లాడదు.

మొదటిరోజు పందిరి వెనక ఆ రాయిని చూడగానే అవ్వ పక్కన కూలబడి, ఆయన నుదుటి మీద చెయ్యి వేసింది. తర్వాత అరచేతిలో ఆముదం పోసుకుని, నుదుటి నుంచి గడ్డం దాకా నిదానంగా రుద్దింది. నేను సీసా పట్టుకుని నిలబడ్డాను. క్షమించమని అడుగుదామని నోరు తెరిచాను.

అవ్వ తల ఎత్తకుండానే చెయ్యి పైకెత్తి, నూనెతో మెరుస్తున్న వేళ్ళు చూపించింది. వేళ్ళ చివర్లు ఆ రాతి ముఖంలాగే నున్నగా, గీతలు లేకుండా అరిగి ఉన్నాయి.

"ఆయప్ప ముక్కు యాడికీ పోల్యా. ఈడుంది" అంది. "నువ్వేం చెప్పొద్దు. సీసా పట్టుకోని ఊరికే నిలబడు."

నిలబడ్డాను.